చిట్టాకీ ఆవర్జాకీ మధ్య

పోయిన సంక్రాంతికి ముందు ఒక సాయంత్రం. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ మా అమ్మ ఉన్నట్టుండి వాళ్ళ నాన్న సాగుచేసిన పొలాల పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. ఎవరూ అడగలేదు. టీవీలో ఏదో రియల్ ఎస్టేట్ ప్రకటన వస్తోంది, దాన్ని చూసి గుర్తొచ్చినట్టుంది. "మా నాన్నకి పదకొండు చెక్కలుండేవి. ఒక్కోదానికీ ఒక్కో పేరు" అని వరసగా చెప్పుకుపోతోంది. రావిమడి, పుట్టచెక్క, తూముకింది మడి... ఆ పొలాల్లో ఇప్పుడు ఒక్కటీ పొలంగా లేదు. కొన్నిట్లో ప్లాట్లేశారు, కొన్నిట్లో రొయ్యల చెరువులు తవ్వారు. రికార్డుల్లో సర్వే నంబర్లుంటాయి గానీ ఈ పేర్లుండవు. వాటిని ఆ పేర్లతో పిలిచినవాళ్ళలో బతికున్నది మా అమ్మే.

నేను పరిగెత్తి ల్యాప్‌టాప్ తెరిచాను. అది అప్పుడే అప్‌డేట్లు వేసుకుంటానంది. నన్ను ఆపేయొద్దని మర్యాదగా హెచ్చరించింది. చుక్కలు గుండ్రంగా తిరిగాయి, ఒకసారి ఆరిపోయి మళ్ళీ వెలిగింది, మళ్ళీ చుక్కలు తిరిగాయి. పాస్‌వర్డ్ కొట్టి, ఖాళీ పేజీ తెరిచి, తెలుగు కీబోర్డుకి మారి, "అమ్మా, మళ్ళీ చెప్పు" అనేసరికి ఆరు నిమిషాలు. అమ్మ మళ్ళీ చెప్పింది. ఎనిమిదే వచ్చాయి. మిగతా మూడూ ఏవని అడిగితే చెయ్యి గాల్లో ఆపి కాసేపు చూసి, "ఏమోరా, ఇందాక వచ్చాయి" అంది.

ఇందాక వచ్చాయి. వచ్చినప్పుడు పట్టుకునేది నా దగ్గర లేదు.

ఆ కోపంతోనే, మీట నొక్కగానే రాసుకోనిచ్చే కంప్యూటర్ అసలు ఎప్పుడైనా ఉండేదా అని వెతకడం మొదలుపెట్టాను. ఉండేది. ఒకసారి కాదు, చాలాసార్లు ఉండేది. ప్రతిసారీ మనం పోగొట్టుకున్నాం. ఈ వ్యాసం ఆ పోగొట్టుకోవడాల గురించి.

*

ముందు పాత మాట ఒకటి. కొట్లో కూర్చున్న షావుకారు ఏ బేరం జరిగితే అది అప్పటికప్పుడు గీకేది చిట్టా. తర్వాత తీరిగ్గా కూర్చుని, ఎవరి ఖాతా వాళ్ళకి విడదీసి ఎక్కించేది ఆవర్జా. చిట్టాకి అందం అక్కర్లేదు, వరసా వాయీ అక్కర్లేదు. కావాల్సిందల్లా చేతికందే దూరంలో, తెరిచే ఉండటం. ఆవర్జా పెట్టెలో ఉన్నా ఫరవాలేదు. ఈ రెండూ వేర్వేరు పనులని, వాటికి వేర్వేరు పుస్తకాలు కావాలని లెక్కలు రాసేవాళ్ళకి ఎప్పుడో తెలుసు. కంప్యూటర్లు చేసినవాళ్ళకి కొందరికి తెలుసు. చాలామందికి తెలియలేదు, లేదా తెలిసినా అమ్ముడుపోదనుకున్నారు.

చిట్టాకి తొందర ఎందుకంటే దానికి కొలత కూడా ఉంది. 1959లో ఇండియానా విశ్వవిద్యాలయంలో లాయిడ్ పీటర్సన్, మార్గరెట్ పీటర్సన్ అనే దంపతులు ఒక చిన్న ప్రయోగం చేశారు. మనిషికి అర్థంలేని మూడు హల్లులు చెప్పి, వాటిని లోపల వల్లెవేసుకునే వీలు లేకుండా ఒక పెద్ద అంకె ఇచ్చి, అందులోంచి మూడేసి తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమన్నారు. పద్దెనిమిది సెకన్లు గడిచేసరికి ఆ మూడక్షరాలు సరిగ్గా చెప్పగలిగినవి పదింట ఒకటి కూడా లేవు. అర్థమున్న ఆలోచన ఇంతకంటే గట్టిగా నిలుస్తుంది, నిజమే. కానీ పాస్‌వర్డ్ కొట్టడం, "తర్వాత గుర్తుచెయ్యి" అనే బటన్ ఎక్కడుందో వెతకడం — వెనక్కి మూడేసి లెక్కపెట్టడం లాంటివే. ఆలస్యం ఒక్కటే అయితే తట్టుకోవచ్చు. ఆ ఆలస్యంలో యంత్రం మన చేత వేరే పని చేయిస్తుంది, అదీ బాధ.

*

కంప్యూటర్ లేవడానికి ఎందుకంత సేపు? అది లేచిన ప్రతిసారీ తానెవరో మళ్ళీ తెలుసుకోవాలి కాబట్టి. ప్రోగ్రామ్ మెమరీలోకి రావాలంటే దాన్ని తెచ్చే ప్రోగ్రామ్ ఇంకోటి ముందే మెమరీలో ఉండాలి. మరి దాన్నెవరు తెస్తారు? తన బూట్ల వెనకున్న పట్టీలు తానే పట్టుకుని తన్ను తాను పైకి లాక్కున్నట్టు అన్నమాట. "బూట్" అనే మాట పుట్టింది అక్కడే.

విచిత్రం ఏంటంటే, పాత యంత్రాల్లో కొన్నిటికి ఈ బాధ లేదు. 1950ల నుంచి 70ల దాకా మెమరీ అంటే ఎక్కువగా అయస్కాంతపు పూసలు, తీగలకి గుచ్చిన చిన్న చిన్న ఉంగరాలు. కరెంటు తీసేసినా అయస్కాంతం ఏ దిక్కుకి తిరిగి ఉందో అలాగే ఉంటుంది. 1965లో వచ్చిన పీడీపీ-8ని సాయంత్రం ఆపేసి పొద్దున్నే వెలిగిస్తే నిన్నటి ప్రోగ్రామ్ మెమరీలో అలాగే ఉండేది. నిద్రపోయి లేచిన మనిషికి తన పేరు గుర్తున్నట్టే.

ఐబీఎమ్‌లో రాబర్ట్ డెనార్డ్ కనిపెట్టి 1968లో పేటెంట్ తీసుకున్న డైనమిక్ ర్యామ్ దాన్ని మార్చేసింది. 1970లో ఇంటెల్ 1103 చిప్ వచ్చింది. ఇందులో ఒక్కో బిట్టూ ఒక చిన్న కెపాసిటర్‌లో దాచిన విద్యుత్తు. చవక, ఇరుకు చోటులో చాలా పడుతుంది. కానీ చిల్లికుండ. కొన్ని మిల్లీసెకన్లకోసారి మళ్ళీ నింపుతూ ఉండాలి, కరెంటు పోతే అంతా పోయినట్టే. పూసల మెమరీ కంటే ఇది చవకైంది కాబట్టే మన ఇళ్ళలోకి కంప్యూటర్ రాగలిగింది. అది రోజూ పొద్దున్నే అన్నీ మర్చిపోయి లేవడమూ అందుకే. ఈ బేరంలో మనకి దక్కింది చాలా ఎక్కువ, కాదనను. ఏం ఇచ్చేశామో మాత్రం ఎవరూ లెక్క రాయలేదు.

1975లో ఆల్టెయిర్ 8800 కొన్నవాళ్ళు ఇది ఒళ్ళు నొప్పెట్టేలా తెలుసుకున్నారు. దాన్లో బేసిక్ భాష ఎక్కించాలంటే ముందు ముఖం మీదున్న మీటల్ని పైకీ కిందికీ వేస్తూ, ఎక్కించే ప్రోగ్రామ్‌ని బైటు బైటుగా చేత్తో కొట్టాలి. మైక్రోసాఫ్ట్ పుట్టుక కథలో కూడా ఇదుంది. పాల్ ఆలెన్ ఆ బేసిక్‌ని చూపించడానికి ఆల్బుకర్కీ వెళ్తూ, విమానం కిందికి దిగుతుండగా, దాన్ని మెమరీలోకి ఎక్కించే ప్రోగ్రామ్ రాయడం మర్చిపోయామని గుర్తొచ్చి సీట్లో కూర్చునే గబగబా రాశాడు. ఆ తొందరలో ఆయన్ని ఆదుకుంది ఒక కలమూ కాగితమూ.

*

తర్వాత పదేళ్ళూ ఇంటి కంప్యూటర్ల రోజులు. ఇవి డైనమిక్ ర్యామ్ మరుపుని ఇంకో దారిలో దాటాయి. ప్రోగ్రామ్‌ని చెరిగిపోని చిప్‌లోనే, అంటే రామ్‌లో కాక 'రోమ్'లో అచ్చేసి పెట్టాయి. 1977 ఆపిల్-2, 1981 బీబీసీ మైక్రో, 1982 స్పెక్ట్రమ్, కమడోర్ 64 — అన్నీ అంతే. మీట నొక్కితే బీబీసీ మైక్రో రెండు స్వరాల్లో కూసి, వెంటనే "చెప్పు" అన్నట్టు నిలబడేది. మన దేశంలో 1984లో మొదలైన 'క్లాస్' పథకం కింద సుమారు 250 బడులకి వెళ్ళింది ఈ బీబీసీ మైక్రోనే. అంటే మన పిల్లల్లో కొందరు మొట్టమొదట చూసిన కంప్యూటర్, ఈరోజు నా బల్ల మీదున్నదానికంటే త్వరగా లేచేది.

అయితే వీటిలో ఒక లోటుంది. యంత్రం వెంటనే లేస్తుంది గానీ నిన్న మనం రాసింది అందులో ఉండదు. క్యాసెట్ పెట్టి, టేపు తిప్పి, కీచుకీచుమనే ఆ చప్పుడు విని తెచ్చుకోవాలి. పలక చేతిలో ఉంటుంది, దాని మీద రాసింది మాత్రం తుడిచేసి ఉంటుంది.

ఆ లోటు కూడా తీర్చింది 1983లో వచ్చిన టీఆర్‌ఎస్-80 మోడల్ 100. జపాన్‌లో క్యోసెరా కంపెనీ తయారుచేసింది, అమెరికాలో రేడియో షాక్ కొట్లలో అమ్మారు. ఒక పెద్ద పుస్తకమంత ఉంటుంది, బరువు కిలోన్నర లోపే. తెర మీద ఎనిమిది వరసలు, వరసకి నలభై అక్షరాలు. నాలుగు మామూలు పెన్సిల్ సెల్స్ వేస్తే ఇరవై గంటల దాకా నడుస్తుంది. ప్రోగ్రాములన్నీ 32 కిలోబైట్ల రోమ్‌లో ఉంటాయి. రాసిన పాఠం ఉండేది స్టాటిక్ ర్యామ్‌లో. అది డైనమిక్ దానికంటే ఖరీదు, కానీ చిల్లికుండ కాదు. మాటిమాటికీ నింపక్కర్లేదు, చుక్క కరెంటు చాలు. యంత్రాన్ని ఆపేసినా లోపలున్న చిన్న బ్యాటరీ ఆ చుక్కని అందిస్తూనే ఉండేది. ఆపడమంటే అసలు తెర ఆర్పడమే. మళ్ళీ మీట నొక్కితే, ఉన్నవన్నీ ఉన్నచోటే.

8 కిలోబైట్ల మెమరీతో 1,099 డాలర్లు, 24 కిలోబైట్లతో 1,399. విలేకరులు ఎగబడ్డారు. ఆట అయిపోగానే స్టేడియంలోనే వార్త కొట్టి, లోపలున్న మోడెమ్‌తో టెలిఫోన్ తీగ మీద ఆఫీసుకి పంపేసేవాళ్ళు. దాని రోమ్‌లోని ప్రోగ్రాములు మైక్రోసాఫ్ట్‌వి. తాను స్వయంగా కోడ్‌లో పెద్ద భాగం రాసిన చివరి యంత్రం ఇదేనని బిల్ గేట్స్ తర్వాత చెప్పుకున్నాడు. ఆ మాట చదివినప్పుడు నాకు కాస్త నవ్వొచ్చింది. నా ఆరు నిమిషాలు మింగిన వ్యవస్థకీ, మీట నొక్కగానే లేచే ఈ యంత్రానికీ మూలపురుషుడు ఒకడే!

మనవైపు నుంచి ఒక లెక్క కూడా వేసుకోవాలి. ఇవాళ యూనికోడ్‌ని మామూలుగా దాచే పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడేసి బైట్లు పడతాయి. 24 కిలోబైట్లంటే ఎనిమిదివేల చిల్లర సంకేతాలు. మీరు చదువుతున్న ఈ వ్యాసం మొత్తం అందులో పట్టదు. అసలు ఆ తెరకి మన గుడి, కొమ్ము, వత్తులు చూపించడమే రాదు. ఇంగ్లీషు విలేకరికి 1983లో దొరికిన సుఖం తెలుగు విలేకరికి ఆ రోజుల్లో దొరికే ప్రశ్నే లేదు.

*

మోడల్ 100 జనాన్ని మురిపిస్తున్న ఆ ఏడాదే ఆపిల్‌లో మెకింటాష్ తయారవుతోంది. అది ఫ్లాపీ మీంచి లేవాలి, సేపు పడుతోంది. ఆ బృందంలోని ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ ఒక కథ రాశాడు. స్టీవ్ జాబ్స్ వచ్చి ల్యారీ కెన్యన్ అనే ఇంజనీర్‌తో ఒక లెక్క చెప్పాడట. యాభై లక్షలమంది రోజుకోసారి దీన్ని వెలిగిస్తారు, నువ్వు పది సెకన్లు తగ్గిస్తే రోజుకి ఐదు కోట్ల సెకన్లు మిగులుతాయి, ఏడాదికి అది డజన్లకొద్దీ మనుషుల జీవితం, డజను ప్రాణాలు కాపాడినట్టేగా అని. నేను కూర్చుని వేశాను. డెబ్భయ్యేళ్ళ బతుకుకి సుమారు 220 కోట్ల సెకన్లు. ఏడాదికి మిగిలేవి 1,825 కోట్లు. భాగిస్తే ఎనిమిది పైచిలుకు. డజను కాదు. అయినా ఆ ఇంజనీర్లు తర్వాతి నెలల్లో పది సెకన్ల కంటే ఎక్కువే తగ్గించారంటాడు హెర్ట్జ్‌ఫెల్డ్.

కానీ ఆ లెక్కలో నాకు నచ్చనిది కూడిక తప్పు కాదు. పది సెకన్లన్నీ ఒకే తీరు అనుకోవడం. కాఫీ కలుపుకుంటూ పోగొట్టుకున్న పది సెకన్లు పది సెకన్లే. అమ్మ నోట్లో మాట ఉన్నప్పటి పది సెకన్లని కోట్లతో హెచ్చవేసి తేల్చలేం.

ఈ తేడా పట్టుకున్నవాడు ఆ మెకింటాష్ పనిని 1979లో మొదలుపెట్టిన జెఫ్ రాస్కిన్. జాబ్స్‌తో పడక 1982లో బయటికొచ్చేసి, తన ఊహలోని యంత్రాన్ని చివరికి 1987లో క్యానన్ కంపెనీ ద్వారా 'క్యానన్ క్యాట్' పేరుతో తెచ్చాడు. ధర 1,495 డాలర్లు. మౌస్ లేదు, బొమ్మలు లేవు, ఫైళ్ళకి పేర్లు లేవు. ఉన్నదంతా ఒకే పొడుగాటి పాఠం. స్పేస్‌బార్ కింద రెండు 'లీప్' మీటలు. ఒకటి నొక్కిపట్టి కావాల్సిన మాటలో నాలుగక్షరాలు కొడితే అక్కడికి గెంతుతుంది.

క్యాట్ లేచే తీరే దాని అసలు గొప్ప. ఆపేటప్పుడు తెర మీద ఏముందో ఆ బొమ్మని డిస్కు మీద దాస్తుంది. వెలిగించగానే ముందు ఆ బొమ్మని చూపిస్తుంది. మనిషి దాన్ని చూసి, "ఆ, ఇక్కడున్నాం కదా" అని తేరుకోవడానికి పది సెకన్ల దాకా పడుతుందని రాస్కిన్ గమనించాడు. ఆ లోపల మిగతా పాఠం డిస్కు మీంచి దిగిపోతుంది. తేరుకోకుండానే కొట్టడం మొదలుపెట్టినా నష్టం లేదు, మీరు నొక్కిన అక్షరాలని పోనివ్వకుండా దాచి, తర్వాత చోట్లో పెడుతుంది. దీన్ని మోసం అనొచ్చు. నేను మర్యాద అంటాను. ఇంటికొచ్చినవాణ్ణి, వంట కాలేదని గుమ్మంలో నిలబెట్టకుండా కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చినట్టు.

ఇరవైవేల దాకా అమ్ముడుపోయాయి. ఆరునెలల్లో క్యానన్ దాన్ని ఆపేసింది. రంగులూ కిటికీలూ ఉన్న కంప్యూటర్ల పక్కన అది ఖరీదైన టైపుమిషన్‌లా కనిపించింది. ఇంచుమించు అదే సమయంలో ఇంగ్లండ్‌లో క్లైవ్ సింక్లెయిర్ తెచ్చిన కేంబ్రిడ్జ్ జడ్88 కూడా అలాంటిదే. కాగితమంత పరిమాణం, కిలో లోపు బరువు, చప్పుడు చేయని రబ్బరు మీటలు, నాలుగు సెల్స్. వాడినవాళ్ళు వదల్లేకపోయారు. మిగతా లోకం దాటుకుంటూ వెళ్ళిపోయింది.

*

90ల మధ్యలో ఈ వేగం జేబులోకి వచ్చింది. జెఫ్ హాకిన్స్ పామ్ పైలట్ తయారుచేసే ముందు ఒక కొయ్యముక్కని జేబులో పట్టేలా కోయించి, చాప్‌స్టిక్ ముక్కని కలంలా పట్టుకుని కొన్నాళ్ళు తిరిగాడు. ఎవరైనా కలుద్దామంటే ఆ కొయ్యముక్క తీసి రాసినట్టు నటించేవాడు. చేతికి ఎంత త్వరగా వస్తుందో చూసుకోవడమే ఆ నాటకం. 1996లో వచ్చిన అసలు యంత్రం మీట నొక్కగానే తెరుచుకునేది. కొయ్యముక్క కంటే నెమ్మదైతే ఆయన ఒప్పుకునేవాడు కాదు మరి.

బల్ల మీది కంప్యూటర్లు ఆ కాలంలో సరిగ్గా ఎదురు దిక్కుకి పోతున్నాయి. డిస్కులు పెద్దవయ్యాయి, లేచేటప్పుడే లేచే చిన్న చిన్న ప్రోగ్రాములు పుట్టగొడుగుల్లా పెరిగాయి. దీనికి వచ్చిన మందు యంత్రాన్ని త్వరగా లేపడం కాదు, అసలు పూర్తిగా ఆపకపోవడం. స్లీప్, హైబర్నేట్ అలా వచ్చాయి. అవి చాలా మేలు చేశాయి. నిద్రపోయిందనుకున్న ల్యాప్‌టాప్ సంచిలో వేడెక్కి, బ్యాటరీ అయిపోయి కనబడినప్పుడు మాత్రం తెలుస్తుంది, అది మన మాట విని పడుకున్నది కాదని.

నాకు బాగా నచ్చిన సంఘటన 2008 నాటిది. అర్యన్ వాన్ డి వెన్, ఔకె కోక్ అనే ఇద్దరు ఇంటెల్ ఇంజనీర్లు లినక్స్ ప్లంబర్స్ సదస్సులో, అసుస్ ఈ పీసీ అనే చవకరకం చిన్న ల్యాప్‌టాప్‌ని ఐదు సెకన్లలో లేపి చూపించారు. వాళ్ళు ఉన్నదాన్ని కాస్త కాస్త తగ్గిస్తూ పోలేదు. ముందే ఐదు సెకన్లని నెలజీతంలా పంచేశారు. కెర్నెల్‌కి ఒకటి, తొలి సన్నాహాలకి ఒకటి, తెరకి ఒకటి, డెస్క్‌టాప్‌కి రెండు. ఎవరైనా ఎక్కువ అడిగితే ఎందుకో చెప్పాలి. పైగా "లేవడం" అంటే బొమ్మ కనబడటం కాదు, డిస్కూ ప్రాసెసరూ రెండూ పని ముగించుకుని ఖాళీగా ఉండటం అని నిర్వచించుకున్నారు. కాబట్టి అడ్డుగా ఉన్నది సిలికాన్ ఒక్కటే కాదు. ప్రతి ప్రోగ్రామ్ రాసినవాడూ "నాది అర సెకనేగా" అనుకున్నాడు, వద్దనేవాడు లేకపోయాడు. మన ఉమ్మడి గోడ మీద అందరూ తలో పోస్టర్ అంటించినట్టు.

"ఇవన్నీ ఎందుకు, ఫోనుందిగా" అంటారు. నిజమే, ఫోన్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ఆ సాయంత్రం నా ఫోన్ కూడా పక్కనే ఉంది. కొద్దిరోజులకి దానితోనే ప్రయత్నించాను. తెరిచాను. పైన రెండు మెసేజ్‌లు, ఒక ఓటీపీ, ఒక డెలివరీ. ఓటీపీ చెప్పి, డెలివరీ వాడికి సందు చెప్పి తిరిగొచ్చేసరికి ఏం రాసుకోవాలనుకున్నానో పోయింది. యంత్రం లేవడం సున్నా సెకన్లకి వచ్చింది. నేను దాన్ని దాటుకుని ఖాళీ పేజీ దాకా వెళ్ళడం మాత్రం పద్దెనిమిది సెకన్లలో తెమలడం లేదు. రికార్డ్ చెయ్యొచ్చు కదా అని కూడా అడుగుతారు. చేశాను. ఫోన్ ముందు పెడితే అమ్మ పొలాల గురించి కాదు, రేడియోలో మాట్లాడినట్టు మాట్లాడుతుంది.

కాగితం? ఇన్నాళ్ళూ అదే. అన్నిటికంటే త్వరగా లేచేది ఇప్పటికీ అదే. నా చీటీలన్నీ పుస్తకాల మధ్యా, చొక్కా జేబుల్లో ఉతుకుడుపడీ పోయాయి. తప్పు కాగితానిది కాదు, నాది. నా చిట్టా ఎప్పుడూ ఆవర్జాకి ఎక్కలేదు.

*

చివరికి నా దగ్గరికొచ్చింది ఆల్ఫాస్మార్ట్ నియో. 1992లో ఆపిల్ నుంచి బయటికొచ్చిన ఇంజనీర్లు పెట్టిన కంపెనీది. బడిపిల్లల కోసం చవగ్గా, కింద పడినా పగలకుండా, రాసుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాకుండా చేశారు. 2004లో వచ్చిన నియో మూడు పెన్సిల్ సెల్స్‌తో 700 గంటలు నడుస్తుందని కంపెనీ లెక్క. ఫైళ్ళు ఎనిమిది, మీటకొకటి. ఆన్ నొక్కితే నిన్న ఆపిన అక్షరం పక్కనే కర్సర్. 2013లో తయారీ ఆపేశారు. అమెరికాలో ఉండే మా బాబాయి కొడుకు ఎక్కడో పాతది కొని, సూట్‌కేసులో పంచెల మధ్య చుట్టి తెచ్చిపెట్టాడు.

దానికి తెలుగు రాదు. ఇక్కడే చరిత్ర ఇంకో దారిలోంచి వచ్చి నన్ను ఆదుకుంది. 90ల మొదట్లో ఇంటర్నెట్‌లో తెలుగు అక్షరమే కనబడని రోజుల్లో, అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగుని తేడా రాకుండా రాసే పద్ధతి ఒకటి కట్టారు. ఆర్.టి.ఎస్. అంటారు. పెద్దక్షరం, చిన్నక్షరం తేడాతో ణ, న. ళ, ల విడిపోతాయి. వాళ్ళ ప్రోగ్రామ్ దాన్ని తెలుగు లిపిలోకి మార్చేది. ఇవాళ్టి లేఖిని లాంటి పనిముట్లు నడిచేది కూడా ఆ బాటలోనే. పేదరికంలో పుట్టిన ఉపాయం అది. నా పేద యంత్రానికి సరిగ్గా సరిపోయింది.

నియో ఫైళ్ళు పంపే తీరు కూడా చిత్రంగా ఉంటుంది. తీగ తగిలించి 'సెండ్' నొక్కితే, అది కంప్యూటర్‌కి తానొక కీబోర్డునని చెప్పుకుంటుంది. రాసిందంతా ఒక్కో అక్షరమే కొడుతూ పోతుంది. అటువైపు లేఖిని తెరిచి పెడితే, ఇంగ్లీషక్షరాలు పడుతున్నకొద్దీ పక్క పెట్టెలో తెలుగు తనంత తాను అల్లుకుంటూ వస్తుంది. వెనక కనబడని మనిషెవరో కూర్చుని కొడుతున్నట్టే ఉంటుంది. మొదటిసారి అమ్మని పిలిచి చూపించాను. "ఎవరు రాస్తున్నార్రా?" అంది. చిట్టా తనంతట తాను ఆవర్జాకి ఎక్కుతోందని చెప్తే, "అయితే మా నాన్నకి ఇది ఉండాల్సింది" అని నవ్వింది.

ఇప్పుడది వంటింటి గట్టు మీద, పోపులపెట్టె పక్కన ఉంటుంది. ల్యాప్‌టాప్ చేసే పనుల్లో నూటికి తొంభై తొమ్మిది ఇది చేయలేదు. ఇది చేసే ఆ ఒక్కటీ ల్యాప్‌టాప్ ఆ సాయంత్రం చేయలేకపోయింది.

మొదటి ఫైల్లో పొలాల పేర్లు. రావిమడి, పుట్టచెక్క, తూముకింది మడి, చవిటిచెక్క, ఊటమడి, గుడిమాన్యం, బోదెగట్టు, ఈతచెట్టు చేను. కింద తొమ్మిది, పది, పదకొండు అని అంకెలేసి ఖాళీగా ఉంచాను.

పోయిన నెల ఒక మధ్యాహ్నం చింతపండు పిసుకుతూ అమ్మ, "తగువుచెక్క" అంది. అంతే, ముందూ వెనకా ఏం లేదు. చేతులు తుడుచుకుని ఆన్ నొక్కాను. తొమ్మిది పక్కన అది పడ్డాక అడిగాను, ఆ పేరెందుకని. మా తాతకీ వాళ్ళ అన్నకీ ఆ గట్టు గురించి పదేళ్ళు మాటల్లేవట. అన్న పోయిన రోజున మా తాత వెళ్ళి ఆ గట్టు మీదే కూర్చున్నాడట, చీకటి పడేదాకా. ఆ సంగతి అమ్మ నాకు ఎప్పుడూ చెప్పలేదు. పేరు గుర్తొస్తే గానీ తనకీ గుర్తురాలేదంది.

పది, పదకొండు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.